ఆపిందా, ఆగిందా? సోలార్ కంట్రోలర్ లోడ్ లైను తిప్పలు

నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా తెచ్చేది ఈశాన్య రుతుపవనాలే. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వెనక వాయుగుండం. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవేను, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను కోసేసింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుఫాను అంతకు ముందే నెల్లూరు తీరాన్ని వానతో ముంచింది. ఇలాంటి రోజుల్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. మిద్దె మీద పెట్టించుకున్న, కరెంటు లైనుకు కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా అప్పుడు అక్కరకు రాదు. స్తంభం ఎక్కిన మనిషికి షాక్ కొట్టకూడదు కాబట్టి, లైనులో కరెంటు పోగానే ఆ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. అందుకే ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, ఆ రెండిటి మధ్య చార్జింగ్‌ను అదుపు చేసేందుకు గోడకు ఒక చిన్న చార్జ్ కంట్రోలర్ ఉన్న పాత పద్ధతి సోలార్‌కు ఇప్పటికీ విలువ ఉంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల కాపలా షెడ్లలోనూ, ఉదయగిరి మెట్ట పొలాల్లోనూ రాత్రి వెలుగుకు ఇదే ఆధారం.

ఆ కంట్రోలర్ మీద మూడు జతల స్క్రూలుంటాయి. ప్యానెల్‌కు ఒకటి, బ్యాటరీకి ఒకటి, బల్బు బొమ్మ ఉన్నది లోడ్‌కు, అంటే మనం వాడే లైట్లకూ ఫ్యాన్లకూ. చిక్కులన్నీ ఈ మూడో జత దగ్గరే. సరిగ్గా ముసురు పట్టిన రాత్రి బల్బు ఆరిపోతుంది. మీటరు పెడితే బ్యాటరీలో 12.2 వోల్టులు కనిపిస్తాయి. ప్యానెల్ బాగుంది, బల్బు బాగుంది, బ్యాటరీ బాగుంది, కాబట్టి కంట్రోలరే పోయిందని తీర్మానించి కొత్తది తెస్తారు. కొత్తది బిగించిన వారానికి మళ్లీ అదే తంతు. ఇలా డబ్బు వృథా అవుతుండటానికి కారణం ఒక్కటే. లోడ్ స్క్రూలను అందరూ ఇంట్లో ప్లగ్గు లాంటివి అనుకుంటున్నారు. నిజానికి అవి ఒక స్విచ్చి. ఆ స్విచ్చిని వేసేదీ తీసేదీ కంట్రోలర్ లోపలి లెక్క. కాబట్టి అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: కరెంటును కంట్రోలర్ ఆపిందా, లేక దారిలో ఎక్కడో ఆగిందా? ఆపితే సెట్టింగులూ బ్యాటరీ చూడాలి. ఆగితే వైర్లూ స్క్రూలూ చూడాలి. ఈ రెండిటినీ కలిపి వెతికితే ఒక రోజంతా పోతుంది, తప్పు మాత్రం దొరకదు.

ముందుగా ఆపడం సంగతి. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే చెడిపోతుంది కాబట్టి, వోల్టేజీ ఒక హద్దు కిందికి దిగగానే కంట్రోలర్ లోడ్‌ను తెంచేస్తుంది. చాలా మోడళ్లలో ఆ హద్దు 11.1 వోల్టులు, చవక రకాల్లో 10.7. తెంచిన తర్వాత బ్యాటరీ మీద బరువు పోతుంది, వోల్టేజీ దానంతట అదే లేచి కాసేపటికి 12 దాటుతుంది. మనం మీటరు పెట్టేది అప్పుడే. అందులో కనిపించే 12.2 బరువు దించుకున్న బ్యాటరీ అంకె, బరువు మోస్తున్నప్పటిది కాదు. మరి 12.2 ఉన్నా కంట్రోలర్ మళ్లీ ఎందుకు ఇవ్వదు? తిరిగి ఇవ్వడానికి దానికి ఇంకో హద్దు ఉంది, సాధారణంగా 12.6. ఈ రెండు హద్దుల మధ్య ఎడం కావాలనే పెట్టారు. అది లేకపోతే తెంచగానే వోల్టేజీ లేవడం, లేవగానే ఇవ్వడం, ఇవ్వగానే పడటం, ఇలా బల్బు రాత్రంతా మిణుకుమంటూనే ఉంటుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు కస్టమర్ గోల పడలేక పై హద్దును 11.8కి దించేసి వెళ్తారు. ఆ మిణుకుమిణుకు మొదలయ్యేది అప్పుడే, బ్యాటరీ ఆయుష్షు తగ్గేదీ అప్పుడే. అది మరమ్మతు కాదు, బ్యాటరీకి చేసిన అన్యాయం.

ఎండ రాగానే 12.6 ఇట్టే దాటుతుంది. అంత మాత్రాన బ్యాటరీ నిండినట్టు కాదు, చార్జింగ్ తోసే బలానికి అంకె పైకి లేచిందంతే. పొద్దున పదింటికి లోడ్ తిరిగొచ్చి, ఫ్యాను తిరిగి, రాత్రి ఎనిమిదింటికల్లా మళ్లీ పోతోందంటే అది కంట్రోలర్ జబ్బు కాదు, రాబడీ ఖర్చూ పొసగకపోవడం. ఈ లెక్క కాగితం మీద వేసి చూడటం మంచిది. 9 వాట్ల బల్బులు రెండు, 28 వాట్ల డీసీ ఫ్యాను ఒకటి, కలిపి 46 వాట్లు. పది గంటలకు 460 వాట్ అవర్లు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున, నష్టాలన్నీ పోను, 400 వాట్ అవర్ల లోపే బ్యాటరీలోకి చేరుస్తుంది. అంటే మబ్బు లేని రోజున కూడా ఆ ఇంట్లో రాత్రి కరెంటు చాలదు. ఇక నాలుగు రోజుల ముసురులో చాలుతుందా? ఇక్కడ కంట్రోలర్‌ను మారిస్తే ఒరిగేదేమీ లేదు. ప్యానెల్ పెంచాలి, లేదా ఫ్యాను గంటలు తగ్గించాలి.

బ్యాటరీ ముసలిదైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. సాయంత్రం 13 చూపించి, బల్బులు వేసిన గంటకే 11కు జారిపోతుంది. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లూ చూస్తే తెలిసిపోతుంది. ఐదు సెల్లులు ఒకలా ఉండి ఆరోది బాగా తక్కువ చూపిస్తే, ఆ ఒక్క సెల్లే మొత్తాన్ని కిందికి లాగుతోందని అర్థం.

లిథియం బ్యాటరీకి మారినవాళ్లకు ఇంకో రకం తిప్పలు. లెడ్ యాసిడ్ సెట్టింగులు అలాగే వదిలేస్తే, 11.1 దగ్గర తెగిన మరుక్షణమే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజీ చటుక్కున 12.6 దాకా ఎగబాకుతుంది. మళ్లీ లోడ్ వస్తుంది, మళ్లీ పోతుంది. తెంచే హద్దు 12 దగ్గర, తిరిగి ఇచ్చే హద్దు 13 దగ్గర పెడితే ఈ గోల తగ్గుతుంది. ఈ బ్యాటరీల్లో ఉండే బీఎంఎస్ అనే సొంత కాపలా సర్క్యూటు తెంచేస్తే మాత్రం కంట్రోలర్ డిస్‌ప్లే కూడా ఆరిపోతుంది. అప్పుడు వెతకాల్సింది లోడ్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర.

టైమర్ మోడ్ వల్ల వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. చాలా కంట్రోలర్లను వీధి దీపాలకు కూడా పనికొచ్చేలా తయారుచేస్తారు. ప్యానెల్ వోల్టేజీ పడిపోతే చీకటి పడిందని తెలుసుకుని, తమంతట తామే లైటు వేస్తాయి. చవక రకం డిస్‌ప్లేలో 24H అని ఉంటే రోజంతా లోడ్ ఉంటుంది, 0H అని ఉంటే పొద్దుగూకాక వచ్చి తెల్లవారితే పోతుంది, మధ్యలో ఏ అంకె ఉంటే చీకటి పడ్డాక అన్ని గంటలే. మరికొన్ని మోడళ్లలో 117 అంటే మన చేతి స్విచ్చి, 100 అంటే చీకటి నుంచి వెలుగు దాకా. దుమ్ము తుడుస్తూ బటన్ గట్టిగా నొక్కితే చాలు, మోడ్ మారిపోతుంది. పగలు ఫ్యాను తిరగదు, రాత్రి తిరుగుతుంది అని ఎవరైనా చెబితే ముందు చూడాల్సింది ఈ అంకెనే. దీనికి తిరగేసిన లక్షణం కూడా ఉంది. ఆ మోడ్‌లో ఉండగా పట్టపగలు లైటు వెలుగుతోందంటే ప్యానెల్ నుంచి వోల్టేజీ రావడం లేదు, కంట్రోలర్ దాన్ని రాత్రి అనుకుంటోంది. వైరు తెగి ఉండొచ్చు, పైన కనెక్టరు ఊడి ఉండొచ్చు. లైటు సంగతి పక్కన పెట్టి ముందు ఆ వైరు చూడాలి, ఎందుకంటే అప్పుడు చార్జింగూ జరగడం లేదు.

బిగించేటప్పుడు వరస తప్పినా లోడ్ రాదు. బ్యాటరీ వైర్లు ముందు, ప్యానెల్ వైర్లు తర్వాత. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు. 12, 24 వోల్టుల్లో ఏదో తానే పోల్చుకునే కంట్రోలర్‌కు ముందే ప్యానెల్ తగిలిస్తే, 12 వోల్టుల ప్యానెల్ కూడా బరువు లేనప్పుడు 21, 22 వోల్టులు ఇస్తుంది కనుక, అది దీన్ని 24 వోల్టుల ఇల్లు అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు 13 వోల్టుల నిండు బ్యాటరీ కూడా దాని కళ్లకు ఖాళీయే. లోడ్ ఇవ్వదు సరికదా, చార్జింగ్‌ను 28 వోల్టుల వైపు తోసి బ్యాటరీని ఉడికిస్తుంది. డిస్‌ప్లేలో 24 అని కనిపిస్తే వెంటనే ప్యానెల్ విప్పి, తర్వాత బ్యాటరీ విప్పి, మొదటి నుంచి కలపాలి.

ఇక ఆగడం సంగతి. ఇక్కడ మీటరు ఒక్కటే చాలదు, పైగా అది మోసం చేస్తుంది. లోపల లోడ్ స్విచ్చిగా పనిచేసే మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ భాగం ఆఫ్‌లో ఉన్నా అందులోంచి చిటికెడు కరెంటు కారుతుంది. ఆ చిటికెడుకే డిజిటల్ మీటరు 8 వోల్టులో 12 వోల్టులో చూపించేస్తుంది. దాన్ని నమ్మి కంట్రోలర్ ఇస్తోంది, బల్బే పోయింది అనుకుంటారు. దీనికి చవకైన మందు మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గర దొరికే 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు. రెండు వైర్లు అతికించి లోడ్ స్క్రూలకు తగిలిస్తే అది దాదాపు 1.75 యాంపులు లాగుతుంది. వెలిగిందా, స్విచ్చి పనిచేస్తోంది. వెలగలేదా, స్విచ్చి ఆన్ కాలేదు. అదే బల్బును నేరుగా బ్యాటరీకి పెట్టినప్పటి వెలుగుతో పోలిస్తే ఇంకా చాలా సంగతులు బయటపడతాయి. సోలార్ ఉన్న ప్రతి ఇంట్లో ఇదొకటి ఉండాలి.

లోడ్ స్క్రూల దగ్గర బల్బు బాగా వెలిగి, గదిలో ఫ్యాను నీరసంగా తిరిగితే తప్పు వైరుది. ఇంట్లో 230 వోల్టులకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరునే 12 వోల్టులకూ లాగేస్తుంటారు. ఆ రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 12 ఓంల నిరోధం. కంట్రోలర్ నుంచి గది పది మీటర్ల దూరమైతే పోనూ రానూ 20 మీటర్లు, అంటే 0.24 ఓం. 5 యాంపులు పారితే 1.2 వోల్టు దారిలోనే పోతుంది. 230లో ఒకటింబావు వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 12లో పోతే పదో వంతు పోయినట్టే. అదే 4 స్క్వేర్ ఎంఎం వైరైతే అరవోల్టు లోపే పోతుంది.

బ్యాటరీకీ కంట్రోలర్‌కూ మధ్య ఉన్న వైరు ఇంకా ముఖ్యం, ఎందుకంటే కంట్రోలర్ వోల్టేజీని చూసేది తన స్క్రూల దగ్గర, బ్యాటరీ దగ్గర కాదు. దారిలో అరవోల్టు పోతే, బ్యాటరీలో 11.6 ఉండగానే దానికి 11.1 కనిపిస్తుంది, తెంచేస్తుంది. తెంచగానే దారిలో పోయేది ఏమీ ఉండదు కాబట్టి రెండు చోట్లా ఒకే అంకె వస్తుంది, తప్పు దాక్కుంటుంది. కాబట్టి ఫ్యానూ లైట్లూ తిరుగుతుండగానే కొలవాలి. ఒకసారి బ్యాటరీ గుబ్బల మీద, ఒకసారి కంట్రోలర్ బ్యాటరీ స్క్రూల మీద, ఒకసారి లోడ్ స్క్రూల మీద. మొదటి రెండిటికీ 0.2 కంటే ఎక్కువ తేడా వస్తే ఆ దారిలో వదులు బిగింపో, చిలుమో, పాడైన ఫ్యూజు హోల్డరో ఉంది. మైపాడు, కావలి దగ్గరి తుమ్మలపెంట లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రాగి వైరు కొసలు ఏడాదికే పచ్చబడతాయి. స్క్రూ బిగువుగానే ఉంటుంది, లోపల మాత్రం చిలుము పొర. కొస కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా తొక్క తీసి, తగరం పూసిన లగ్గు వేసి బిగించాలి. బ్యాటరీ గుబ్బలకు వ్యాజిలిన్ పూయాలి. కంట్రోలర్‌ను బ్యాటరీ ఉన్న పెట్టెలోనే పెట్టకూడదు, యాసిడ్ ఆవిరి దాన్ని తినేస్తుంది, పైగా చార్జింగ్‌లో పుట్టే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తోడైతే పేలుతుంది.

ఆఫ్ నొక్కినా లైటు ఆరకపోవడం ఇంకో జబ్బు. దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, లోపలి మాస్‌ఫెట్ షార్ట్ అయి శాశ్వతంగా ఆన్‌లోనే ఉండిపోవడం. లోడ్ స్క్రూలకు ఇన్వర్టర్ తగిలించినవాళ్లకు ఇది ఎక్కువ. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు తగిలించిన క్షణంలో పదుల యాంపులు మింగుతాయి, 10 యాంపుల లోడ్ స్విచ్చి ఆ దెబ్బకు తట్టుకోదు. ఇన్వర్టర్‌ను సరైన ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీకే ఇవ్వాలి. మోటారు పంపులదీ అదే దారి. రెండో కారణం అంత సులువుగా తట్టదు. చవక కంట్రోలర్లలో చాలా వాటికి ప్లస్ అంతటా ఒకటే, తెంచేది మైనస్ వైరును. లోడ్ మైనస్‌కూ బ్యాటరీ మైనస్‌కూ బయట ఎక్కడ కలిసినా కరెంటుకు దొడ్డిదారి దొరికినట్టే. కాపలా షెడ్డులో సీసీ కెమెరా ఇలాగే ఇరికిస్తుంది. కెమెరాకు కరెంటు లోడ్ లైను నుంచి, రికార్డరుకు నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తారు. కెమెరా కేబులు పైతొడుగు ఆ రెండు మైనస్‌లనూ కలిపేస్తుంది. ఇక కంట్రోలర్ తెంచినా కెమెరా ఆగదు, డిస్‌ప్లేలో లోడ్ కరెంటు సున్నా చూపిస్తూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం అడుగంటుతుంది. అన్ని లోడ్ వైర్లూ విప్పేసి ఇండికేటర్ బల్బు ఒక్కటే పెట్టి ఆఫ్ నొక్కితే తేలిపోతుంది. ఆరితే కంట్రోలర్ మంచిదే, దొడ్డిదారి బయట ఉంది. ఆరకపోతే మాస్‌ఫెట్ పోయింది.

ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టే పెద్ద ఎంపీపీటీ రకం కంట్రోలర్లలో లోడ్ స్క్రూలకు బదులు, లేదా వాటితో పాటు, ఆక్స్ అనే చిన్న అవుట్‌పుట్ ఉంటుంది. బ్యాటరీ నిండాక మిగిలిన ఎండతో ట్యాంకుకు నీళ్లు తోడించడానికీ, బ్యాటరీ గది గాలి ఫ్యాను తిప్పడానికీ ఇది పనికొస్తుంది. ఇవి రెండు రకాలు. ఒకటి తానే 12 వోల్టులు ఇస్తుంది, ఔట్‌బ్యాక్ ఫ్లెక్స్‌మ్యాక్స్ లాంటి వాటిలో ఇది 0.2 యాంపు మాత్రమే. రెండోది ఉత్త రిలే (కరెంటుతో నడిచే స్విచ్చి) కాంటాక్టు, వోల్టేజీ ఏమీ ఇవ్వదు, రెండు వైర్లను కలుపుతుంది, విడదీస్తుంది. ఈ రెండో రకానికి మీటరు వోల్టుల్లో పెట్టి సున్నా వచ్చిందని పోయింది అనేస్తారు. దానికి కరెంటు తీసేసి, మీటరును కంటిన్యుటీలో, అంటే రెండు కొసలూ కలిస్తే బీప్‌మనే మోడ్‌లో పెట్టి బీప్ వస్తుందో లేదో చూడాలి. మిడ్‌నైట్ క్లాసిక్ లాంటి వాటిలో మొదటి ఆక్స్‌ను లోపల జంపరు (పిన్నులను కలిపే చిన్న తొడుగు) మార్చి ఏ రకంగానైనా వాడుకోవచ్చు. జంపరు ఒక రకానికి, వైరింగు ఇంకో రకానికి ఉంటే అది ఎప్పటికీ పనిచేయదు.

సెట్టింగుల్లో ఆక్స్‌ను మాన్యువల్‌గా ఆన్ చేసి చూస్తే సగం సందేహం తీరుతుంది. చేత్తో వేస్తే రిలే టిక్కుమని కొట్టుకుంటోంది, ఆటోలో పెడితే రావడం లేదంటే హార్డ్‌వేర్ మంచిదే, షరతు నెరవేరడం లేదు. రోహిణి కార్తెలో నెల్లూరులో ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. బ్యాటరీ వేడెక్కితే చార్జింగ్ వోల్టేజీ తగ్గించాలన్నది లెడ్ యాసిడ్ సూత్రం. సెల్లుకు డిగ్రీకి 3 మిల్లీవోల్టుల సెట్టింగ్‌లో, ఆరు సెల్లుల బ్యాటరీ 25 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే 0.27 వోల్టు తగ్గుతుంది. 13.6 అని పెట్టిన ఫ్లోట్, అంటే నిండాక బ్యాటరీని నిలిపి ఉంచే వోల్టేజీ, 13.33 దగ్గరే ఆగుతుంది. ఆక్స్‌ను 13.5 దాటితే పంపు వేయి అని సంక్రాంతి నాడు సెట్ చేసి ఉంటే, మే నెలలో ఫ్లోట్‌కు చేరాక ఆ పంపు తిరగదు. ఎండ మండిపోతోంది, బ్యాటరీ నిండింది, ట్యాంకు మాత్రం ఖాళీ. వోల్టేజీ అంకెకు బదులు ఫ్లోట్‌లోకి వచ్చినప్పుడు అనే షరతు ఉంటే దాన్నే ఎంచుకోవాలి. అది లేని మోడళ్లలో హద్దును 13.2కి దించి, ఆలస్యం ఐదు నిమిషాలు పెట్టి, ఆఫ్ హద్దును దానికి చాలినంత కింద ఉంచాలి.

అదే ఎండాకాలంలో రేకుల షెడ్డు గోడకు బిగించిన చిన్న కంట్రోలర్లు మధ్యాహ్నం రెండింటికి లోడ్ ఆపేసి, సాయంత్రం తామే తిరిగి ఇస్తుంటాయి. లోపలి వేడి హద్దు దాటిందని అర్థం. వేడిని వదిలే రెక్కలు నిలువుగా ఉండేలా, పైనా కిందా జానెడు ఖాళీ వదిలి, రేకుకు దూరంగా ఇటుక గోడ మీదికి మారిస్తే చాలు.

అన్నీ చూశాక లోడ్ స్విచ్చి నిజంగానే పోయిందని తేలినా, కంట్రోలర్‌ను పారేయక్కర్లేదు. చార్జింగ్ వైపు బాగుంటే దాన్ని చార్జింగ్‌కే ఉంచి, ఇంటి లోడ్‌ను ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిపి, మధ్యలో లో వోల్టేజీ కటాఫ్ మాడ్యూలు ఒకటి వేయొచ్చు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే ఉండాలి. ఏసీకి వాడే ఎంసీబీ ఇక్కడ కుదరదు, డీసీ మంటను అది తెంచలేదు, డీసీకి తయారుచేసినదే కావాలి. స్విచ్చి ఇంకా బాగుండగానే జాగ్రత్తపడేవాళ్లు దానితో పెద్ద బరువులు మోయించకుండా, కారులో వాడే 12 వోల్టుల రిలేను మాత్రమే నడిపించి, అసలు కరెంటు ఆ రిలే కాంటాక్టుల మీదుగా పోయేలా కలుపుకోవచ్చు. అలాంటి రిలే కాయిల్ 0.15 యాంపు లోపే తీసుకుంటుంది, ఆక్స్ ఇచ్చే 0.2 యాంపుకు కూడా అది ఒక్కటి సరిపోతుంది, రెండు పెడితే చాలదు. కాయిల్ ఆగిన క్షణంలో అది తిరగగొట్టే వోల్టేజీ దెబ్బకు కంట్రోలర్ పోకుండా, కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడు ఒకటి వేయాలి. దాని మీద వెండి గీత ఉన్న వైపు ప్లస్‌కు రావాలి, తిరగేస్తే అదే షార్ట్ అవుతుంది.